సవరణ: ఈఆర్‌సీ పాసైనంత మాత్రాన లోడ్ బ్యాలెన్స్ అయినట్టు కాదు

అనంతపురం టిఫిన్ సెంటర్ డీబీ (కరెంటును సర్క్యూట్లకు పంచే పెట్టె) స్కీమాటిక్, అంటే వైరింగ్ డ్రాయింగు, గురించి మొన్నటి పోస్టులో, "ఈఆర్‌సీలో (డ్రాయింగు సాఫ్ట్‌వేర్ చేసే ఎలక్ట్రికల్ రూల్స్ తనిఖీ) ఎర్రర్లు లేవు, మొత్తం 13.8 కిలోవాట్లు, 415 వోల్టుల మీద ఫేజుకు 19.2 ఆంపియర్లు, 25 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆపేసే స్విచ్) చాలు" అని రాశాను. అది తప్పు.

ఈఆర్‌సీ చూసేది కనెక్షన్లే: వేలాడే వైరు, సప్లై అందని పవర్ పిన్, షార్టయిన అవుట్‌పుట్లు. ఫేజుకు ఎన్ని ఆంపియర్లో అది లెక్కకట్టదు.

అసలు లెక్క ఫేజుల వారీగా చూడాలి. మూడు ఫేజుల్లో ఆర్ మీద 6.9, వై మీద 4.6, బి మీద 2.3 కిలోవాట్లు. అన్నీ హీటర్ లోడ్లే కాబట్టి 230 వోల్టుల దగ్గర 30, 20, 10 ఆంపియర్లు. ఫేజుల మధ్య తేడా కరెంటు తిరిగి వెళ్లే న్యూట్రల్ వైరులో సుమారు 17.3 ఆంపియర్లు. మామూలు ఎంసీబీని 30 డిగ్రీల వేడికి రేట్ చేస్తారు. మన ఎండాకాలంలో, అదీ పెనాల పక్క గోడకున్న డీబీలో, 25 ఆంపియర్లది 30 ఆంపియర్లను పూటంతా మోస్తుందని నమ్మలేం, ట్రిప్పయ్యే అవకాశం ఎక్కువ.

ఆర్ నుంచి 2.3 కిలోవాట్ల హాట్ ప్లేటు సర్క్యూట్‌ను బి మీదికి మార్చండి. మూడు ఫేజులూ 20కి వస్తాయి. డ్రాయింగులో వైరు పేరు మారిస్తే సరిపోదు, లోడ్ షెడ్యూల్లో (ఏ సర్క్యూట్ ఏ ఫేజు మీద ఎంత లోడో చూపే పట్టిక) ఫేజ్ కాలమ్ కూడా మార్చాలి, లేదంటే పాత మొత్తాలే చూపించవచ్చు. న్యూట్రల్ సైజు మాత్రం తగ్గించొద్దు: 2.3 కిలోవాట్ల ప్లేటు ఒకటి ఆపితేనే అందులో 10 ఆంపియర్లు పారతాయి, ఒక ఫేజు మీది లోడంతా ఆగితే 20 దాకా పారొచ్చు.