రాకాసమ్మకు ఒక విన్నపం

విషయం: గుట్ట మీది కాపలా పనిలో తిరిగి చేరుట గురించి.

అమ్మా రాకాసీ,

మా ఊరి గుట్ట మీద, గుండ్ల వలయం నడుమనున్న ఆ రాళ్ళకుప్పను రెండు వేల ఏళ్ళకు పైగా కాచింది నువ్వే. జీతం లేదు, సెలవు లేదు. "అంతంత గుండ్లు మనిషి ఎత్తేవి కావురా, రాకాసి గుడి అది, పొద్దుగూకినాక అటు పోవద్దు" అని మా నాయనమ్మ అంటే చాలు, మేకలు కూడా ఇవతలి నుంచే మళ్ళేవి. (మేకలకెవరు చెప్పారో నన్నడగకు.)

తర్వాత మేం చదువుకున్నాం. అది ఇనుప యుగం నాటి సమాధి అనీ, అలాంటి వాటిలో ఉండేవి మనుషుల ఎముకలు, నలుపూ ఎరుపూ కలిసిన కుండలు, తుప్పు పట్టిన కత్తులు అనీ తెలిసింది. నువ్వు లేవని తేలిపోయింది. ఆ కబురు అందరికంటే ముందు లంకెబిందెల వాళ్ళకు చేరింది. అమావాస్య రాత్రి నిమ్మకాయలు, కుంకుమ, గడ్డపారలతో దిగుతారు. నీ మీద నమ్మకం పోయింది గానీ బంగారం మీద పోలేదు. 1850లలో, ఇప్పటి కర్ణాటకలో ఉన్న సురపురం సీమలో మెడోస్ టేలర్ అనే ఇంగ్లీషు దొర ఇలాంటివే తవ్విస్తే బయటపడ్డవి అస్థిపంజరాలు, కుండలు. ఆ సంగతి మాత్రం వీళ్ళకింకా చేరలేదు. కుండ దొరికితే, అందులో ఏమీ లేదన్న కోపంతో పగలగొట్టి పోతారు.

చట్టం లేదా అంటావా? 1958 నాటిది ఉంది, 2010లో పదును కూడా పెట్టారు. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు ఇల్లు కట్టకూడదు. కట్టడాన్ని పాడుచేస్తే 2 ఏళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. అయితే నీ గుడి జాబితాలో లేదు. దరఖాస్తు పట్టుకుని ఒక ఆఫీసుకు పోయాను.

"పాతదని రుజువేది?"

"తవ్వి చూస్తే తెలుస్తుంది కదా సార్."

"లైసెన్సు లేకుండా తవ్వితే నేరమయ్యా!"

ఆ లైసెన్సు గొడవ లేనిది అమావాస్య వాళ్ళకే. కంకర మిల్లు జేసీబీకైతే నువ్వు రెండు టిప్పర్ల సరుకువి, అంతే.

నారాయణపేట జిల్లా ముడుమాల్ నిలువురాళ్ళను చూడు. నిలురాళ్ళ తిమ్మప్ప అని మొక్కారు, ఒక రాయి ఎల్లమ్మ అయింది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకెక్కాయి. నీకూ దేవతగా ప్రమోషన్ ఇప్పిద్దామనుకున్నాను. కానీ మా ఊరి సంగతి నాకు తెలుసు. మరుసటేడే నీ చుట్టూ టైల్స్ పరిచి, గుండ్లకు ఆయిల్ పెయింట్ కొట్టి, దాతల పేర్లు గ్రానైట్ పలక మీద చెక్కిస్తారు. ఆ గ్రానైట్ నీ గుట్టదే అవుతుంది.

కాబట్టి పాత పోస్టులోనే చేరు తల్లీ. పెద్ద పనేం లేదు, రాత్రి పదకొండింటికి ఒకసారి దగ్గితే చాలు. జేసీబీ డ్రైవరు వచ్చిన రోజున కాస్త గట్టిగా దగ్గాలి, చెవుల్లో పాటలుంటాయి.

ఇట్లు,
నాయనమ్మ మనవడు

తా.క.: మేకలిప్పుడు నీ గుళ్ళోనే మేస్తున్నాయి.