మేనేజరు బల్లకు ఇవతల

అప్పు కావాలంటే ఆధార్, పాసు పుస్తకం, భూమి పత్రాలైన వన్ బీ, అడంగల్, వేరేచోట బాకీ లేదనే నో డ్యూస్ సర్టిఫికెట్ తెమ్మని బ్యాంకు గోడ మీద రాసి ఉంటుంది. గోడ మీద రాయని అర్హత మరొకటుంది. అడిగిన ప్రశ్నకు మేనేజరుకు అర్థమయ్యేలా, ఆయనకు నమ్మకం కలిగేలా జవాబు చెప్పుకోగలగాలి. భాష, నిలబడే తీరు, చూపు, గొంతు అన్నీ అక్కడ లెక్కకు వస్తాయి. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నవారిలో కూడా ఈ ఒక్క కారణంతో ఎందరు ఉత్తచేతులతో ఇంటికి వెళుతున్నారు? గుంటూరు, విజయవాడ ప్రాంత విశ్వవిద్యాలయాలు ఈ ప్రశ్నను తమ ముఖ్య పరిశోధనాంశంగా చేపట్టాలని మేము కోరుతున్నాం.

పల్నాడులో బొల్లాపల్లి, వెల్దుర్తి వైపు తండాల నుంచి, చిన్న వ్యాపారాలకిచ్చే ముద్ర రుణం కోసం వచ్చే ఒక లంబాడీ మహిళను తలచుకోండి. తండాలో చిన్న కిరాణా కొట్టు పెట్టుకోవాలన్నది ఆమె కోరిక. ఇంట్లో, చేలో మాట్లాడేది లంబాడీ. తెలుగు వచ్చు, సంతలో గట్టిగా బేరమాడేంత వచ్చు. కానీ ‘వాయిదా మీరితే అపరాధ రుసుము’, ‘ప్రాసెసింగ్ ఫీజు’ అనే తెలుగు సంతలో వినిపించదు. అధికారి గబగబా చెప్పుకుపోతారు, ఆమె తల ఊపుతుంది. అర్థమైందని ఊపిందా, వింటున్నానని ఊపిందా, పెద్ద ఉద్యోగి మాటకు అడ్డు చెప్పకూడదని ఊపిందా? పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టిన చోటల్లా వేలిముద్ర పడుతుంది. కూర్చోమన్నా కూర్చోదు. కొంగు భుజం చుట్టూ కప్పుకుని, కాగితాల మీదే చూపు నిలిపి మాట్లాడుతుంది. ఆమె పెరిగిన చోట అది మర్యాద. దూరప్రాంతం నుంచి బదిలీ మీద వచ్చి తెలుగే అంతంతమాత్రంగా వచ్చిన అధికారికి అదే తీరు ఏదో దాస్తున్నట్టు తోచవచ్చు. ఇద్దరిలో ఎవరి తప్పూ లేకుండానే దరఖాస్తు పక్కకు పోతుంది.

రిజర్వు బ్యాంకుకు ఈ సంగతి తెలియకపోలేదు. రిటైల్ రుణాలకు, చిన్న పరిశ్రమల టర్మ్ లోన్లకు సంబంధించి 2024 ఏప్రిల్‌లో ఉత్తర్వు ఇచ్చింది. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి ఇచ్చే ప్రతి కొత్త అప్పుకూ వడ్డీ, ఫీజులు అన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో చెప్పే పత్రం ఇవ్వాలి. అది అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. వివరించి చెప్పాలి. అర్థమైందని వారితో సంతకం చేయించుకోవాలి. మంచి నిబంధన. అయితే సంతకం పడ్డంత మాత్రాన అర్థమైనట్టేనా అన్నది శాఖలో కూర్చుని గమనిస్తే గాని తేలదు. తనిఖీ అధికారికి ఫైలులో సంతకం కనిపిస్తే చాలు. ఆ సంతకం వెనక ఏం జరిగిందో తెలుసుకోవలసింది పరిశోధకులే.

లంబాడీకి ఇంకొక చిక్కు ఉంది. 2011 జనగణనలో లంబాడీ తమ మాతృభాష అని చెప్పినవారు దేశంలో 32 లక్షల పైచిలుకు. వారందరినీ హిందీ కింద కలిపేశారు. భాషల పట్టికలో చూసుకునే బ్యాంకుకైనా, ప్రభుత్వ శాఖకైనా లంబాడీ అనే వరుసే కనిపించదు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోనూ దానికి చోటు లేదు. ఎరుకల భాష పరిస్థితీ ఇంతే. ఉర్దూది కొంత మెరుగు. 2022లో చట్టం చేసి రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా ప్రకటించారు. ఆ గుర్తింపు విజయవాడ వించిపేటలోని చిన్న వ్యాపారి చేతికొచ్చే రుణపత్రం దాకా చేరిందా అని కూడా చూడాలి. బ్రిటిషు కాలంలో ‘నేరస్థ జాతి’ ముద్ర వేసి ఎరుకలవారిని ఉంచిన స్టూవర్టుపురం విషయం మరీ సున్నితం. ఆ ముద్ర వేసిన నేరస్థ జాతుల చట్టం 1952లో రద్దయి ఇన్ని దశాబ్దాలు గడిచాయి. దరఖాస్తులో ఊరి పేరు చూడగానే అధికారి కలం ఈనాటికీ ఆగుతోందా అన్న ప్రశ్నను ఊహకు వదిలేయకూడదు. ఆగడం లేదని తేలితే అంతకంటే సంతోషం లేదు.

మన బ్యాంకుల లెక్కలతో ప్రపంచస్థాయి పరిశోధన సాధ్యమేనని ఎప్పుడో రుజువైంది. ఒక బ్యాంకు, అప్పటికే శాఖ ఉన్న చోట కొత్తది తెరవాలంటే శాఖల్లేని చోట నాలుగు తెరవాలన్న నిబంధన 1977 నుంచి 1990 వరకు అమలైంది. దానివల్ల పల్లెల్లో పేదరికం తగ్గిందని ఆర్థికవేత్తలు రాబిన్ బర్జెస్, రోహిణీ పాండే 2005లో చూపారు. ఫిస్మన్, పరవిసినీ, విక్రాంత్ విగ్ 2017లో ప్రచురించిన అధ్యయనం మన విషయానికి ఇంకా దగ్గరిది. భారతదేశపు ఒక ప్రభుత్వరంగ బ్యాంకు రికార్డులు తీసుకుని, అధికారి, రుణగ్రహీత ఒకే మతానికో కులానికో చెందినవారైతే ఏమవుతుందో చూశారు. అధికారులు ఒకచోటి నుంచి ఇంకో చోటికి బదిలీ అవుతుంటారు కనుక ఈ పోలిక కుదిరింది. ఒకే వర్గమైనప్పుడు అప్పు ఎక్కువగా దొరికింది, ఎగవేతలూ తగ్గాయి. ఇది ఉత్త పక్షపాతమే అయితే ఎగవేతలు పెరగాలి. తగ్గాయంటే, ఎదుటి మనిషిని సరిగ్గా అంచనా వేయడం తనవారి విషయంలో సులువైందని అర్థం. అలాంటప్పుడు తనవారు కానివారి విషయంలో అధికారి పొరపడుతున్నాడు, నిజాయితీగా తీర్చగలవారిని వదులుకుంటున్నాడు. భాష విషయంలోనూ ఇదే జరుగుతోందా? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి మన జిల్లాల కంటే అనువైన చోటు అరుదు.

ఇది మనకు ఎంత అవసరమో కౌలు రైతును చూస్తే తెలుస్తుంది. 2019 జాతీయ నమూనా సర్వే ప్రకారం రాష్ట్రంలో నూటికి 93 వ్యవసాయ కుటుంబాలు అప్పుల్లో ఉన్నాయి, సగటు అప్పు 2.45 లక్షల రూపాయలు. దేశంలో ఇదే అత్యధికం. అదే ఏడాది వచ్చిన పంట సాగుదారుల హక్కుల చట్టం కౌలు రైతుకు 11 నెలల కార్డు ఇస్తుంది గాని, దానికి భూమి యజమాని సంతకం కావాలి. ఆ సర్వే నంబరు మీద యజమాని అప్పటికే పంట రుణం తీసుకుని ఉంటే, కార్డు ఉన్నా బ్యాంకు తటపటాయిస్తుంది. చివరికి భార్య మెడలోని బంగారం కుదువకు వెళుతుంది. లేదంటే మిర్చి యార్డులో కమీషన్ ఏజెంటు ఇచ్చే అప్పే దిక్కు. ఏజెంటు వడ్డీ ఎక్కువే, కానీ ఆయన రైతు మాట వింటాడు. రైతు మౌనానికి అర్థమేమిటో కూడా ఆయనకు తెలుసు.

హావభావాల మీద పరిశోధన అనగానే మాకు ఒక భయం కూడా ఉంది. మాటల ప్రభావం 7 శాతమే, గొంతుది 38, ముఖానిది 55 అని వ్యక్తిత్వ వికాస తరగతుల్లో చెబుతుంటారు. ఆ అంకెలకు మూలం మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రాబియన్ 1967లో చేసిన ప్రయోగాలు. అవి విడి మాటలను రకరకాల స్వరాల్లో వినిపించి, ముఖాల ఫొటోలు చూపి చేసినవి. ఇష్టాయిష్టాల వ్యక్తీకరణకు తప్ప మామూలు సంభాషణకు ఆ అంకెలు వర్తించవని ఆయనే చెప్పారు. వాటిని పట్టుకుని, కళ్లలోకి చూడనివాడు ఎగవేతదారని శిక్షణలో నేర్పితే, రేపు కెమెరాతో ముఖాలు చదివే సాఫ్ట్‌వేర్ తెచ్చిపెడితే, నష్టపోయేది తలవంచి మాట్లాడే అలవాటున్న పేదవాడే. పరిశోధన చేయవలసింది బల్లకు ఇవతలివారి గురించి మాత్రమే కాదు. అధికారి కుర్చీ చూపించారా, ఫోను పక్కన పెట్టారా, మళ్లీ అడిగితే విసుక్కున్నారా అన్నవీ నమోదు కావాలి.

సవర భాష మాట్లాడేవారి కోసం గిడుగు రామమూర్తి ఆ భాష నేర్చుకుని, నిఘంటువు కూర్చి, సొంత ఖర్చుతో బడి పెట్టారు. పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేసిన మనిషి చేసిన పని అది. 1976లో ఏర్పడిన నాగార్జున విశ్వవిద్యాలయం గుంటూరు, విజయవాడ నడుమనే ఉంది. బందరులో 1923లో పట్టాభి సీతారామయ్య ఆంధ్రా బ్యాంకును స్థాపించిన నేల కూడా ఇక్కడికి దగ్గరే. కామర్సు విద్యార్థి వడ్డీ లెక్కలు, భాషాశాస్త్ర విద్యార్థి లంబాడీ సంభాషణ, మనస్తత్వశాస్త్ర విద్యార్థి కూర్చునే తీరు విడివిడిగా రాసుకుంటే ఈ ప్రశ్న ముగ్గురికీ అందదు. ఒకే శాఖలో, ఒకే బల్ల దగ్గర ముగ్గురూ కలిసి పనిచేయాలి. వారిలో ఒకరైనా తండాలో పుట్టిన విద్యార్థి అయితే మరీ మంచిది.

దీనికి పెద్ద నిధులేమీ అక్కర్లేదు, అనుమతులు కావాలి. దరఖాస్తుల సంఖ్య, తిరస్కరణలు, కారణాలను పేర్లు తీసేసి శాఖలవారీగా విశ్వవిద్యాలయాలకు ఇచ్చేందుకు రాష్ట్రస్థాయి బ్యాంకర్ల సమితి తన వచ్చే త్రైమాసిక సమావేశంలోనే తీర్మానం చేయాలి. బల్ల దగ్గర గమనించే ముందు రుణగ్రహీత అనుమతిని ఆమె సొంత భాషలో అడగాలి. వద్దంటే దరఖాస్తుకు ఏ నష్టమూ ఉండదని స్పష్టంగా చెప్పాలి. వచ్చిన ఫలితాలను ఇంగ్లీషు జర్నల్‌తో పాటు తెలుగులో గ్రామ సచివాలయానికీ, ఆ శాఖ మేనేజరుకూ అందజేయాలి. ఖరీఫ్ రుణాల రద్దీ జూన్‌లో మొదలవుతుంది. అనుమతుల లేఖలు మార్చిలోగా కదిలితేనే తొలి బృందం ఈ సీజనులోనే శాఖల్లో అడుగు పెట్టగలుగుతుంది.