తాయ్ చీ చేయండి, మాత్ర మాత్రం ఆపకండి

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. “తాయ్ చీతో పార్కిన్సన్స్ పూర్తిగా నయమవుతుందని అమెరికా శాస్త్రవేత్తలు తేల్చారు. ఆరు నెలలు చేస్తే మాత్రలు మానేయొచ్చు. వీడియో చూసి ఎవరైనా ఇంట్లోనే చేసుకోవచ్చు.” మా నాన్నగారికి ఈ జబ్బు ఉంది. ఆ మెసేజ్ చూసి “అయితే నేనూ మందులు ఆపేయనా?” అని అడిగారు. నాకు గుండె ఆగినంత పనైంది.

తాయ్ చీ అంటే మెల్లగా కదులుతూ చేసే చైనా వ్యాయామం. దానితో ఈ జబ్బు నయమవుతుందని ఎవరూ తేల్చలేదు. అమెరికాలోని ఆరెగాన్‌లో జరిగిన అధ్యయనం నిజమే, 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. 195 మందిని మూడు జట్లు చేసి ఒక జట్టుకు తాయ్ చీ, ఒకదానికి బరువులతో వ్యాయామం, ఇంకోదానికి స్ట్రెచింగ్ నేర్పారు. వారానికి రెండుసార్లు, గంటసేపు, 24 వారాలు. ప్రధానంగా చూసింది ఒక్కటే: పాదాలు కదపకుండా, పడిపోకుండా ఒంటిని ఎంత దూరం, ఎంత తిన్నగా వాల్చగలరు? ఇందులో తాయ్ చీ జట్టే ముందుంది. స్ట్రెచింగ్ చేసినవారికంటే వీళ్లు తక్కువసార్లు పడిపోయారు కూడా. బరువులు ఎత్తినవారితో పోల్చినప్పుడు మాత్రం పడిపోవడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తూలి పడతామనే భయంతో బతికేవారికి ఇది చిన్న లాభం కాదు. కానీ మెదడులో డోపమైన్ అనే, కదలికలకు అవసరమైన రసాయనాన్ని తయారుచేసే కణాలు చనిపోవడం వల్ల వచ్చే జబ్బు ఇది. పోయిన కణాలు తాయ్ చీతో తిరిగొస్తాయని ఆ అధ్యయనం చెప్పలేదు.

మాత్రల మాట ఇంకా ప్రమాదం. ఆ 195 మంది మందులు వాడుతూనే వ్యాయామం చేశారు. షాంఘైలో 300 మందికి పైగా రోగులను కొన్నేళ్లు గమనించి 2023లో ఫలితాలు ప్రకటించారు. తాయ్ చీ చేసినవారికి మందుల డోసు పెంచాల్సిన అవసరం నెమ్మదిగా వచ్చిందన్నారు. నెమ్మదిగా పెరగడం వేరు, మానేయడం వేరు. పైగా అక్కడ ఎవరు ఏ జట్టులో ఉండాలో చీటీలు తీసి నిర్ణయించలేదు కాబట్టి, ఆ తేడా అంతా తాయ్ చీ వల్లేనని గట్టిగా అనలేం. ఈ జబ్బుకు వాడే ముఖ్యమైన మందు లెవోడోపాను ఒక్కసారిగా ఆపేస్తే ఒళ్లు కొయ్యలా బిగుసుకుపోయి, తీవ్రమైన జ్వరం వచ్చి, ప్రాణం మీదకు రావచ్చు. ఆ మెసేజ్ పంపినవాళ్లకు ఈ సంగతి తెలిసుండదు.

ఇక వీడియో చూసి ఒంటరిగా చేయడం. తాయ్ చీలో బరువును ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదకు మెల్లగా మారుస్తారు, వెనక్కీ పక్కకీ అడుగులు వేస్తారు. మేలు చేసేది అదే, పడేసేదీ అదే. ఆరెగాన్‌లో ఎవరి సాయం లేకుండా నిలబడగలిగినవారినే తీసుకున్నారు, నేర్పడానికి మనిషి ఉన్నారు. నడుస్తుండగా కాళ్లు నేలకు అతుక్కుపోయేవారు, లేవగానే బీపీ పడిపోయేవారు ముందు న్యూరాలజిస్టును అడగాలి.

నాన్నగారు డాక్టరుతో మాట్లాడాకే మొదలుపెట్టారు. పొద్దున మాత్ర పనిచేయడం మొదలై ఒళ్లు కాస్త తేలికయ్యాక, గోడ పక్కన, చేతికందేలా కుర్చీ పెట్టుకుని చేస్తారు. నేను పక్కనే నిలబడతాను.