ఆ అబ్బాయిని ఆడనివ్వండి

పోయిన నెల మన చెన్నై తెలుగు సంఘం క్రీడల కమిటీ సమావేశంలో ఒక ప్రతిపాదన వచ్చింది. మన కుర్రాళ్ళ హాకీ జట్టులో ఫుల్‌బ్యాక్‌గా, అంటే గోలుకు ముందు కాపు కాస్తూ, ఆడే అబ్బాయి నిరుడు మనల్ని వదిలి, ఏటా మనకు గట్టి పోటీ ఇచ్చే క్లబ్బుకు వెళ్ళిపోయాడు. ఇప్పుడు మళ్ళీ వస్తానంటున్నాడు. అవతలి జట్టుకు ఒకసారి ఆడినవాణ్ణి తిరిగి తీసుకోకూడదని నియమం రాసిపెడదామన్నారు కొందరు పెద్దలు. ఆ రోజు నాకు నోరు పెగల్లేదు. అప్పుడు అనలేకపోయిన మాట ఈ పేజీలో అంటున్నాను. ఆ నియమం మనకు వద్దు.

నేను హాకీ ఆడినవాణ్ణి కాను, హాకీ ఇంట్లో పెరిగినవాణ్ణి. మా బాబాయి 1970ల చివర్లో మద్రాసు లీగులో హాఫ్‌బ్యాక్. పెరంబూరులో మా ఇంటి తలుపు వెనక చీపురుకట్ట పక్కన ఆయన కర్రలు రెండు ఆనించి ఉండేవి. మొదట ఒక ప్రభుత్వ శాఖ జట్టుకు ఆడాడు. స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం ఖాయం చేస్తామని వాళ్ళు మూడేళ్ళు తిప్పారు. ఆ మూడేళ్ళూ టెంపరరీయే. ఇంట్లో పెళ్ళికెదిగిన మేనత్త, తాతకు కళ్ళు సరిగా ఆనని రోజులు. అప్పుడొక బ్యాంకు ట్రయల్స్‌కు పిలిచి, నెల తిరక్కుండా ఆర్డరు చేతిలో పెట్టింది. లీగులో ఆ రెండు జట్లకూ ఉప్పూ నిప్పూ.

పాత జట్టు మీద ఆయన ఆడిన మొదటి ఆటకు నన్ను తీసుకెళ్ళాడు. నాకు తొమ్మిదేళ్ళు. మట్టి మైదానం, బంతి తగిలిన చోటల్లా ఎర్రదుమ్ము లేచేది. ఆయన బంతి అందుకున్న ప్రతిసారీ షెడ్డు కింద నుంచి "తురోగి, తురోగి" అని అరిచారు. మన ద్రోహే అది, తమిళంలో. అరిచినవాళ్ళలో అంతకు ముందు సంవత్సరం మా ఇంటికొచ్చి మా నానమ్మ చేతి పెసరట్లు తిన్నవాళ్ళున్నారు. బాబాయి ఆట చివరిదాకా ఆడాడు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. తెల్లారి వసారాలో కూర్చుని కర్ర పిడికి కొత్త టేపు చుట్టుకుంటూ నాతో అన్నాడు: "నిన్నటిదాకా వాళ్ళ కోసం మోకాళ్ళు చీల్చుకున్నాను. ఇప్పుడు వీళ్ళ కోసం చీల్చుకుంటున్నాను. ఇందులో మోసం ఎక్కడుందిరా నాన్నా?"

ఆ ప్రశ్నకు ఇన్నేళ్ళలో నాకు ఒక్క సరైన జవాబు చెప్పినవాళ్ళు లేరు.

మన దేశంలో హాకీ బతికిందే డిపార్ట్‌మెంట్ జట్ల మీద. రైల్వే, బ్యాంకులు, ఆయిల్ కంపెనీలు, పోలీసు, సైన్యం. ఆట నేర్పింది ఊరు, అన్నం పెట్టింది ఉద్యోగం. జాతీయ పోటీల్లో రైల్వేకూ సర్వీసెస్‌కూ (సైన్యం జట్టు) వేరే జట్లు ఉండేవి కాబట్టి, రైల్వేలో ఉద్యోగం దొరికిన తమిళనాడు కుర్రాడు తమిళనాడు మీదే ఆడాల్సి వచ్చేది. తను పుట్టిన వీధివాళ్ళు ఎదురుగా నిలబడితే గోలు కొట్టకుండా ఉండాలా? కొట్టకపోతేనే కదా ద్రోహం.

బాబాయి దగ్గరే నేను అలీ దారా పేరు మొదట విన్నాను. 1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌కు ముందు ప్రాక్టీసు ఆటలో జర్మనీ మన జట్టును 4-1తో ఓడించింది. కెప్టెన్ ధ్యాన్‌చంద్‌కు గుబులు పుట్టి, ఫార్వర్డ్ లైన్ కోసం దారాను పంపమని మన దేశానికి కబురు పెట్టించాడు. ఆయన విమానంలో వచ్చి సెమీఫైనల్‌కు అందుకున్నాడు. ఫైనల్లో అదే జర్మనీని 8-1తో కొట్టాం. గోల్స్ కొట్టినవాళ్ళలో దారా ఒకడు. పన్నెండేళ్ళ తర్వాత, 1948 లండన్ ఒలింపిక్స్‌లో పాకిస్తాన్ జట్టు కెప్టెన్ ఎవరు? ఆ దారాయే.

అదే లండన్‌లో భారత్ తరఫున స్వర్ణం గెలిచినవాళ్ళలో లతీఫుర్ రెహ్మాన్, అఖ్తర్ హుస్సేన్ ఉన్నారు. మన మద్రాసు గోల్‌కీపర్ రంగనాథన్ ఫ్రాన్సిస్ మెడలోనూ ఆ పతకమే పడింది, రణధీర్ సింగ్ జెంటిల్ మెడలోనూ అదే. లతీఫ్, అఖ్తర్ తర్వాత పాకిస్తాన్ వెళ్ళిపోయారు. 1956 మెల్‌బోర్న్‌లో భారత్, పాకిస్తాన్ ఫైనల్లో తలపడ్డాయి. 1-0తో మనం గెలిచాం. ఆ ఒక్క గోలు కొట్టింది జెంటిల్. ఎనిమిదేళ్ళ కిందట అతనితో ఒకే జట్టులో ఉన్న లతీఫ్, అఖ్తర్‌లకు దక్కింది పాకిస్తాన్ పేరు మీద రజతం. జెంటిల్ ఆ బంతిని ఎంత గట్టిగా కొట్టి ఉంటాడో, అడ్డుకోవాలని అవతలివాళ్ళు ఎంత ప్రయాసపడి ఉంటారో ఊహించుకున్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. వాళ్ళు ఒకరినొకరు ద్రోహి అని ఉంటారని నేను నమ్మను.

ఈ మాట చెన్నై తెలుగువాడికి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మా తాత జార్జిటౌన్‌లో ఒక కాగితాల కొట్టులో గుమాస్తా. నెల్లూరు నుంచి వచ్చే ప్రతి ఉత్తరంలోనూ "ఇంకా అక్కడేనా" అనే ప్రశ్న. ఇక్కడి ఇరుగుపొరుగు అడిగేది "మీ ఊరికి ఎప్పుడు పోతారు" అని. రెండువైపులా ఆయన్ను అవతలివాడి కిందే జమకట్టారు. ఆయన రెండు భాషల్లోనూ పద్దులు రాశాడు, ఇక్కడే పోయాడు. ఈ సంఘంలో ప్రతి ఇంట్లోనూ ఇలాంటి తాత ఒకరుంటారు. అలాంటి మనం ఒక పదిహేడేళ్ళ పిల్లాణ్ణి "నువ్వు ఎవరివైపు" అని ఎలా నిలదీస్తాం?

ఈ కాలం ఉదాహరణ కావాలంటే గొంజాలో పెయ్యాట్‌ను చూడండి. 2016 రియో ఒలింపిక్స్ సెమీఫైనల్లో అర్జెంటీనా తరఫున జర్మనీ మీద హ్యాట్రిక్ కొట్టాడు. ఆ దేశానికి హాకీలో తొలి ఒలింపిక్ స్వర్ణం వచ్చింది. తర్వాత అక్కడి జట్టుతో చెడింది. జర్మనీ వెళ్ళి స్థిరపడ్డాడు, ఆ దేశానికే ఆడటం మొదలుపెట్టాడు. 2023లో భువనేశ్వర్‌లో ప్రపంచకప్ సెమీఫైనల్: ఆస్ట్రేలియా 2-0తో ముందుంది. పెయ్యాట్ పెనాల్టీ కార్నర్ల మీద, అంటే అవతలివాళ్ళు గోలు దగ్గర తప్పు చేస్తే దక్కే అవకాశాల మీద, హ్యాట్రిక్ కొట్టి జర్మనీని ఫైనల్‌కు చేర్చాడు, కప్పు జర్మనీకే వచ్చింది. 2024 పారిస్ క్వార్టర్ ఫైనల్లో జర్మనీ ఓడించింది అర్జెంటీనానే. రెండు రోజుల తర్వాత సెమీఫైనల్లో మన మీదా ఒక గోలు వేశాడు. మన ఇళ్ళల్లో ఆ రాత్రి ఆయన్ను తిట్టనివాళ్ళు తక్కువ.

కొన్ని నెలలకే హాకీ ఇండియా లీగ్ వేలంలో హైదరాబాద్ టూఫాన్స్ ఆయన్ను 68 లక్షలకు తీసుకుంది. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో ఫైనల్. పెయ్యాట్ టూఫాన్స్‌కు గోల్స్ కొట్టాడు, మన సంఘం వాట్సాప్ గ్రూపు ఊగిపోయింది. చివరికి 4-3తో టూఫాన్స్‌ను ఓడించింది బెంగాల్ టైగర్స్, అందులో మూడు గోల్స్ జుగ్‌రాజ్ సింగ్‌వి. ఆ జుగ్‌రాజ్ 2023 ఆగస్టు 9న మన ఎగ్మూరు స్టేడియంలో పాకిస్తాన్ మీద గోలు కొట్టినప్పుడు మనమంతా లేచి నిలబడి ఈలలు వేశాం. టూఫాన్స్, తమిళనాడు డ్రాగన్స్ ఆడినప్పుడు మన గ్రూపులోనే సగంమంది ఇటు, సగంమంది అటు. అదేమీ తప్పు కాదు, ఎంతో ఆనందం. ఆ ఆనందాన్ని మనం అనుభవిస్తూ ఆటగాడికి మాత్రం ఒక్క జట్టే ఉండాలనడం న్యాయమా?

ఒక అభ్యంతరం ఒప్పుకోవాల్సిందే. దేశం మారిన ఆటగాడు కొత్త దేశానికి ఆడాలంటే మూడేళ్ళు ఆగాలని అంతర్జాతీయ నియమం ఉంది. అది ఉండాలి. లేకపోతే డబ్బున్న దేశాలు పేద దేశాల కుర్రాళ్ళను సంతలో ఎడ్లను కొన్నట్టు కొనేస్తాయి. అర్జెంటీనాలో పెయ్యాట్ ఫోటో గోడకు అంటించుకున్న పిల్లాడు ఏడ్చి ఉంటే ఆ ఏడుపు నిజమైనదే. కమిటీలో ప్రతిపాదన తెచ్చిన పెద్దాయన బాధా అలాంటిదే. మన పిల్లలకు మొదటి కర్రలు ఆయన సొంత డబ్బుతోనే కొనిచ్చారు, అది నేను మరిచిపోలేదు. బాధపడే హక్కు ఆయనకుంది. ఆ బాధను నియమంగా రాసి ఒక పిల్లాడికి తలుపు మూసే హక్కు మాత్రం మన ఎవరికీ లేదు.

టొరంటోలో ఉండే మా అక్క కొడుకుకు ఈ సంగతి ఫోనులో చెప్తే, అక్కడి ఐస్ హాకీ ఆటగాడు ఫ్రాంక్ మహోవ్లిచ్ కథ చెప్పాడు. టొరంటోకు నాలుగు స్టాన్లీ కప్పులు (అక్కడి ఐస్ హాకీలో అన్నిటికన్నా పెద్ద కప్పు) గెలిచాడు, చివరిది 1967లో, బద్ధశత్రువు మాంట్రియల్‌ను ఫైనల్లో ఓడించి. తర్వాత డెట్రాయిట్ మీదుగా ఆ మాంట్రియల్‌కే వెళ్ళి 1971లో, 1973లో వాళ్ళకూ గెలిచిపెట్టాడు. టొరంటోకు 1967 తర్వాత ఈనాటికీ కప్పు రాలేదు. అయినా 2016లో ఆ జట్టు ఆయన వేసుకున్న 27వ నంబరును ఇక ఎవరికీ ఇవ్వకూడదని పక్కన పెట్టింది.

ఎగ్మూరులో ఆ పాకిస్తాన్ ఆటకు బాబాయిని నేనే తీసుకెళ్ళాను. డెబ్బై దాటిన మనిషి, మెట్లు ఎక్కడానికి నా భుజం పట్టుకున్నాడు. మనం 4-0తో గెలిచాం. మధ్యలో పాకిస్తాన్ గోల్‌కీపర్ ఒక బంతిని పడుకుని ఆపితే బాబాయి చప్పట్లు కొట్టాడు. ముందు వరసలో కుర్రాడు వెనక్కి తిరిగి గుర్రుగా చూశాడు. "బాగా ఆపాడు కదా బాబూ" అన్నాడు బాబాయి. ఆ కుర్రాడు కాసేపు ఆగి తలూపాడు.

ఇక మన అబ్బాయి సంగతి. అతను ఎందుకు వెళ్ళాడో కమిటీలో ఎవరూ అడగలేదు. నేను వాళ్ళింటికి వెళ్ళి అడిగాను. ఆ క్లబ్బు వారానికి రెండు రోజులు టర్ఫ్ (కృత్రిమ గడ్డి) మీద ప్రాక్టీసు పెట్టిస్తుంది, మనం స్కూలు గ్రౌండులో మట్టి మీదే ఆడిస్తాం. కాలేజీలో స్పోర్ట్స్ కోటా సీటు కోసం ట్రయల్స్ టర్ఫ్ మీదే జరుగుతాయి. సీటు వచ్చింది. ఇప్పుడు తిరిగొచ్చి, అక్కడ నేర్చుకున్నది మన చిన్నపిల్లలకు నేర్పిస్తానంటున్నాడు. వాళ్ళమ్మ నాకు మజ్జిగ ఇస్తూ, "సంఘంవాళ్ళకు కోపం పోయిందా అన్నయ్యా?" అని అడిగింది. ఏం చెప్పాలో తెలియక గ్లాసు ఖాళీ చేసి లేచాను.

ఆదివారం పొద్దున ఆరున్నరకు ప్రాక్టీసు. రమ్మని నేనే చెప్పాను. కమిటీ మళ్ళీ కూర్చునేది ఆ సాయంత్రం. పెద్దలు ఒక గంట వీలు చేసుకుని పొద్దున్నే గ్రౌండుకు వచ్చి, ఆ అబ్బాయి మన ఎనిమిదో తరగతి పిల్లలకు పెనాల్టీ కార్నర్ దగ్గర ఎలా నిలబడాలో చూపిస్తుంటే చూడమని నా మనవి. వచ్చేవాళ్ళకు కాఫీ ఫ్లాస్కు నేను తెస్తాను.