రాత్రి పదకొండున్నర కుర్చీ

ఆలూ చిప్స్ ఫ్యాక్టరీలో తనిఖీ పని చేసే ఒక పెద్దావిడ 1987లో అమెరికాలో ఒక టీవీ షోకు వచ్చారు. తన ముందు నుంచి వెళ్లే చిప్స్‌లో వింత ఆకారాలున్న వాటిని ఏరి దాచుకోవడం ఆవిడ సరదా. వాటిని విరక్కుండా స్టూడియో దాకా తెచ్చి, బల్ల మీద పెట్టి ఒక్కొక్కటే చూపిస్తున్నారు. మధ్యలో పక్కనున్నాయన ఏదో అడిగితే అటు తిరిగారు. ఇటు నుంచి కరకరమని చప్పుడు. ఉలిక్కిపడి చూస్తే వ్యాఖ్యాత నోట్లో చిప్! ఆవిడ చేయి గుండె మీదకు వెళ్లింది. ఆయన వెంటనే తన వైపు దాచుకున్న మామూలు చిప్స్ గిన్నె తీసి చూపించారు. నమిలింది అందులోదే. హాలంతా పగలబడి నవ్వింది. కాసేపటికి ఆవిడా తేరుకుని నవ్వేశారు.

ఆ వ్యాఖ్యాత పేరు జానీ కార్సన్. 2025 అక్టోబరు 23తో ఆయన పుట్టి వందేళ్లు నిండాయి. ఎన్‌బీసీ చానెల్‌లో ‘ది టునైట్ షో’ను 1962 అక్టోబరు 1 నుంచి 1992 మే 22 దాకా ముప్పై ఏళ్లు నడిపారు. కెనెడీ నుంచి సీనియర్ బుష్ వరకు ఏడుగురు అధ్యక్షులను చూసిన కుర్చీ అది.

తెలుగు పత్రిక సంపాదకీయంలో ఈయనకేం పని అని పాఠకులు అడగవచ్చు. 2025లో అమెరికాలో నడిచిన గొడవే కారణం. అధ్యక్షుడు ట్రంప్ వేసిన కేసులో సీబీఎస్ మాతృసంస్థ పారమౌంట్ 1.6 కోట్ల డాలర్లిచ్చి రాజీ పడింది. అదే చానెల్‌లో ‘ది లేట్ షో’ చేసే స్టీఫెన్ కోల్బర్ట్ దాన్ని లంచమని ఎద్దేవా చేశారు. ఆ తర్వాత మూడు రోజులకే, జులై 17న, 2026 మేలో ఆ షోకు మంగళం పాడుతున్నామని సీబీఎస్ ప్రకటించింది. సెప్టెంబరులో ఏబీసీ వంతు. మితవాద యువనేత చార్లీ కిర్క్ హత్య తర్వాత, అక్కడ రాత్రి షో చేసే జిమ్మీ కిమ్మెల్ చేసిన వ్యాఖ్యల మీద ప్రసార నియంత్రణ సంస్థ అధిపతి గుర్రుమనగానే ఆ చానెల్ షోను ఆపేసింది. గగ్గోలు పుట్టాక వారం తిరక్కుండా మళ్లీ మొదలుపెట్టింది. ఈ రచ్చలో ఒక మాట పదేపదే వినబడింది. కార్సన్ ఎప్పుడైనా ఒక పక్షం వహించాడా, హాయిగా అందరినీ నవ్వించలేదా, వీళ్లకేం రోగం అని. చచ్చిపోయి ఇరవై ఏళ్లయిన మనిషిని సాక్షిగా బోనెక్కించారు కాబట్టి, ఆయన అసలేం చేశారో చూడాల్సి వస్తోంది.

లేట్ నైట్ షో వరస తెలియనివారికి రెండు ముక్కలు. రాత్రి వార్తలు ముగిశాక, పదకొండున్నరకు, సూటు వేసుకున్న మనిషి తెర వెనక నుంచి వచ్చి ఆనాటి వార్తల మీద కొన్ని నిమిషాలు జోకులు వేస్తాడు. దీన్నే మోనోలాగ్ అంటారు. తర్వాత బల్ల వెనక కూర్చుని అతిథులతో కబుర్లు చెబుతాడు. పక్కన ఊకొట్టడానికి ఒకడుంటాడు, ఓ మూల బ్యాండు. ఇందులో మనకు మరీ పరాయిదేమీ లేదు. బుర్రకథలో కథకుడికి అటు హాస్యం, ఇటు రాజకీయం చెప్పే వంతలుంటారు. తోలుబొమ్మలాటలో రామాయణాన్ని మధ్యలో ఆపి కేతిగాడు, జుట్టుపోలిగాడు ఊళ్లో పెద్దమనుషుల మీద కూడా విసుర్లు విసిరేవారు. కార్సన్ పక్కన ఎడ్ మెక్‌మాన్ చేసింది వంత పనే. రోజూ గొంతు సాగదీసి ఆయన పేరు పిలవడం, జోకు పేలినా పేలకపోయినా గట్టిగా నవ్వడం.

కార్సన్ అయోవాలోని కార్నింగ్‌లో పుట్టి, నెబ్రాస్కాలో నార్ఫోక్ అనే చిన్న ఊళ్లో పెరిగారు. పన్నెండేళ్లప్పుడు ఒక మ్యాజిక్ పుస్తకం చేతిలో పడింది. ‘గ్రేట్ కార్సోనీ’ అని పేరు పెట్టుకుని ఊళ్లో గారడీలు చేశారు. నౌకాదళంలో పని చేసి వచ్చి యూనివర్సిటీలో చేరితే, అక్కడ ఎంచుకున్న అంశం కూడా హాస్యం రాయడం ఎలా అన్నదే. ఒమాహాలో రేడియో, లాస్ ఏంజెలిస్‌లో చిన్నాచితకా టీవీ పనులు. 1954లో హాస్యనటుడు రెడ్ స్కెల్టన్ లైవ్ షోకు కాస్త ముందు రిహార్సల్లో దెబ్బ తగిలి పడిపోతే, ఆయనకు జోకులు రాసిపెట్టే కార్సన్‌ను ఉన్నపళంగా కెమెరా ముందు నిలబెట్టారు. అలా పేరొచ్చింది. మరుసటి ఏడాది సొంత పేరుతో షో ఇస్తే అది తుస్సుమంది. తర్వాత ఐదేళ్లు పగటి పూట క్విజ్ షో. అదృష్టం తలుపు తట్టినప్పుడల్లా ఈయన ఇంట్లోనే ఉన్నాడనిపిస్తుంది గానీ, తెరిచే ముందు పదేళ్లు ఆ తలుపు దగ్గరే కూర్చున్నాడన్నది మరచిపోకూడదు.

ఆయన విద్య అంతా ఎదుటివాడిని గెలిపించడంలో ఉంది. అతిథి జోకు పేలితే కార్సన్ బల్ల మీద తల పెట్టి నవ్వేవారు. దాని మీద ఇంకో జోకు వేసి చప్పట్లు కొట్టేయాలన్న ఆత్రం అరుదు. కొత్త కమెడియన్ ఐదారు నిమిషాలు చేశాక, నచ్చితే చేత్తో సైగ చేసి పక్క సోఫాలో కూర్చోబెట్టుకునేవారు. 1973లో ఫ్రెడ్డీ ప్రింజ్, 1986లో ఎలెన్ డిజెనరస్ అలా సోఫా ఎక్కినవాళ్లే. ఆ సైగ అందితే తెల్లారేసరికి ఏజెంట్ల ఫోన్లు మొదలయ్యేవి. అందనివాడు ఇంటికెళ్లి టెన్షన్‌తో గోడ చూసుకునేవాడు. ఒక్క మనిషి చేతిసైగకు అంత విలువ ఉండటం మంచిదేనా అంటే, కాదనే అనాలి. కానీ ఉండేది మూడు చానెళ్లు, ఆ వేళప్పుడు దేశం చూసేది ఈయన్నే.

ఎదుటివాడిని ఓడించాలనుకుంటే మాత్రం ఆ మర్యాదే ఆయుధమయ్యేది. చూపుతో చెంచాలు వంచుతానని ప్రచారం చేసుకున్న యూరీ గెల్లర్ 1973 ఆగస్టులో షోకు వచ్చాడు. కార్సన్ స్వయంగా ఇంద్రజాలికుడు. షో బృందం ముందుగానే మరో ఇంద్రజాలికుడు జేమ్స్ రాండీని సలహా అడిగింది. చెంచాలు మీవే పెట్టండి, అతన్ని గానీ అతని మనుషులను గానీ షో ముందు వాటి దగ్గరకు రానివ్వకండి అన్నాడాయన. అంతే. గెల్లర్ బల్ల ముందు కూర్చున్నాడు. కార్సన్ సిగరెట్ కాలుస్తూ, తొందరేం లేదన్నట్టు చూస్తున్నారు. ఇవాళ శక్తి అందడం లేదంటాడు గెల్లర్. సరే, చూద్దాం అన్న ధోరణి ఈయనది. ఇరవై రెండు నిమిషాలు గడిచినా చెంచా వంగలేదు. గొంతు పెంచింది లేదు, మోసగాడివన్నది లేదు. ఊళ్లలో బాబాల మహిమల గుట్టు విప్పే మన జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు ఆ ఇరవై రెండు నిమిషాలను ముచ్చటపడి చూస్తారు. అయితే కథ అక్కడ ఆగలేదు. ఆ పరాజయంతో గెల్లర్ అంతు చూసినట్టే అనుకున్నవాళ్లు కంగు తిన్నారు. అతనికి పిలుపులు తగ్గకపోగా పెరిగాయి. నిజంగా శక్తులున్నవాడైతేనే ఒక్కోసారి పట్టు తప్పుతుందని నమ్మినవాళ్లు బోలెడుమంది. టీవీ చేయగలిగిందీ, చేయలేనిదీ రెండూ ఆ ఒక్క రాత్రే తేలిపోయాయి.

ఆ ఏడాదే డిసెంబరులో నోటిమాట బలం ఇంకో రకంగా తెలిసొచ్చింది. టాయిలెట్ పేపర్‌కు కొరత రావచ్చన్న అమెరికా కాంగ్రెస్ (పార్లమెంటు) సభ్యుడొకరి ప్రకటన మీద కార్సన్ జోకు వేశారు. తెల్లారి జనం షాపుల మీద పడి అరలు ఖాళీ చేశారు. లేని కొరత వచ్చిపడింది. ఆయన తర్వాత సర్దిచెప్పుకోవాల్సి వచ్చింది. 2016 నవంబరులో ఉప్పు దొరకదన్న పుకారుకు మన దేశంలో కిరాణా కొట్ల ముందు జనం ఎగబడ్డారు కాబట్టి నవ్వడానికి మనకు అర్హత తక్కువే.

ఇక పక్షం సంగతి. టీవీలో కుర్చీ ఉంది కదా అని హాస్యగాడు జనానికి రాజకీయ బోధ చేయకూడదని, అది ప్రమాదమని కార్సన్ ఒక ఇంటర్వ్యూలో బాహాటంగానే చెప్పారు. ఎవరికి ఓటు వేసేవారో బయటపెట్టలేదు. ఇంతవరకు ఆయన్ను సాక్షిగా పిలిచినవారి మాట నిజమే. కానీ వాటర్‌గేట్ కుంభకోణం నడిచినన్నాళ్లూ అధ్యక్షుడు నిక్సన్ మీద ఆయన జోకులు ఆగలేదు. కార్సన్ మోనోలాగ్‌లో రోజూ పేరు నలగడం మొదలైతే ఆ నాయకుడి పని అయిపోయినట్టే అన్న మాట వాషింగ్టన్‌లో పుట్టింది అందుకే. పక్షం లేకపోవడం వేరు, పాలకుడిని వదిలేయడం వేరు. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడటం ఇప్పుడు కొందరికి సౌకర్యం.

అలాగని ఆయన్ను ధీరుడని కీర్తించాల్సిన పనీ లేదు. వియత్నాం మీద నోరు విప్పింది తక్కువ. కాకపోతే 1968 ఫిబ్రవరిలో వారం రోజులు తన కుర్చీని గాయకుడు హ్యారీ బెలఫాంటేకు అప్పగించారు. నల్లజాతి మనిషి అమెరికా రాత్రిని అన్ని రోజులు నడపడం అప్పటికి ఊహకందని మాట. ఆ వారం ఆ సోఫాలో కూర్చున్నవారిలో మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెనెడీ ఉన్నారు. ఏప్రిల్‌లో ఒకరు, జూన్‌లో ఒకరు తూటాలకు బలయ్యారు.

1988లో ఆర్కాన్సా గవర్నర్ ఒకాయన పార్టీ మహాసభలో అరగంటకు పైగా ప్రసంగించి దేశమంతా నవ్వులపాలయ్యాడు. పేరు బిల్ క్లింటన్. కార్సన్ ఆయన మీద రాత్రుళ్లు జోకులు వేసి, ఆపైన షోకే పిలిచారు. క్లింటన్ వచ్చి కూర్చోగానే బల్ల కింద నుంచి ఇసుక గడియారం తీసి ముందు పెట్టారు. క్లింటన్ తన మీద తానే నవ్వుకున్నాడు, కాసేపయ్యాక శాక్సాఫోన్ వాయించాడు. నాలుగేళ్లకు అధ్యక్షుడయ్యాడు. తన్ను వెక్కిరించినవాడి షోకు వెళ్లి నవ్వడం అప్పట్లో నాయకుడికి లాభం. ఇప్పుడు వెక్కిరించినవాడి ఉద్యోగం పోతే పండగ చేసుకోవడం లాభం. మారింది నాయకుల లెక్కే గానీ హాస్యగాళ్ల నాలుక కాదు.

డబ్బు లెక్కా ఉంది, దాన్ని దాటవేయలేం. కార్సన్ చివరి షోను దాదాపు 5 కోట్ల మంది చూశారు. కోల్బర్ట్ తన వేళలో ముందున్నా 2025లో చూసింది 24 లక్షల చిల్లర. ఏడాదికి 4 కోట్ల డాలర్ల నష్టమని వార్తలొచ్చాయి. పొద్దున ఫోన్‌లో ముక్కలు చూసేవాళ్లు రాత్రి టీవీ ముందు మేలుకోరు. అలాంటప్పుడు మూసేయడం వ్యాపారమే కావచ్చు. కానీ ప్రభుత్వ అనుమతి కోసం మరో సంస్థతో పారమౌంట్ విలీనం ఫైలు ఎదురు చూస్తున్న వేళ, యజమానిని విమర్శించిన మూడో రోజున తీసుకున్న నిర్ణయాన్ని వట్టి వ్యాపారమని నమ్మమంటే కష్టం. విలీనానికి అనుమతి వారంలోనే వచ్చింది కూడా.

మన ఇంటి సంగతి చూసుకుంటే నోరు పెద్దగా లేవదు. తెలుగు టీవీలో సెలబ్రిటీ షోలకు కొదవ లేదు. అతిథికి సినిమా రిలీజ్ ఉంటుంది, యాంకర్‌కు పొగడ్త ఉంటుంది. ‘తీన్మార్ వార్తలు’ లాంటివి తెలంగాణ యాసలో నాయకులను ఆటపట్టించి జనాన్ని కట్టిపడేశాయి. అయినా ముఖ్యమంత్రి మీద రాత్రి జోకు వేసి, మర్నాడు రాత్రి అదే కుర్చీలో నిబ్బరంగా కూర్చునే యాంకర్ పేరు ఒకటి చెప్పమంటే, పాఠకులు కాసేపు తల గోక్కోవాలి. ఏ పార్టీ అధికారంలో ఉన్నా అంతే.

కార్సన్ మనిషిగా ఇంకో రకం. తెర మీద కోట్ల మందికి ఆప్తుడు, ఇంట్లో ఎవరికీ అందనివాడు. నాలుగు పెళ్లిళ్లు. మద్యం తాగి కారు నడిపి 1982లో పోలీసులకు చిక్కారు. ఏళ్ల తరబడి తన బదులు కుర్చీలో కూర్చున్న హాస్యనటి జోన్ రివర్స్ 1986లో వేరే చానెల్‌లో సొంత షో పెట్టుకుంటే, ఆమె ఫోన్ చేస్తే కార్సన్ పెట్టేశారు. ఆ తర్వాత చనిపోయే దాకా మాట్లాడలేదు. ఆయన పోయాక కూడా తొమ్మిదేళ్లకు గానీ ఆమెకు ‘టునైట్ షో’ గడప తొక్కే వీలు చిక్కలేదు. ఎదుటివాడిని గెలిపించే మనిషికి తన దగ్గర ఎదిగిన మనిషి గెలుపు మింగుడు పడకపోవడం చిన్నతనమే. 1991లో నడి కొడుకు రిక్ కారు ప్రమాదంలో చనిపోయాడు. కొన్ని వారాలకు కార్సన్ ఒక షో చివర, కొడుకు తీసిన ప్రకృతి దృశ్యాల ఫొటోలు తెర మీద చూపించారు. ఆ కాసేపు జోకు లేదు.

పదవీ విరమణకు వేళైనప్పుడు మరో వ్యాఖ్యాత డేవిడ్ లెటర్‌మన్ తన వారసుడు కావాలని కార్సన్ మనసు. ఎన్‌బీసీ హాస్యనటుడు జే లెనోకు కట్టబెట్టింది. లెటర్‌మన్ 1993లో సీబీఎస్‌కు వెళ్లి కొత్త షో పెట్టుకున్నారు. దాని పేరు ‘ది లేట్ షో’. తర్వాత కోల్బర్ట్ చేతికొచ్చిందీ, 2026 మేలో మూసేస్తామని సీబీఎస్ ప్రకటించిందీ అదే.

1994 మే 13న లెటర్‌మన్ ఆ షోను లాస్ ఏంజెలిస్‌లో చేస్తున్నారు. జాబితా ఒకటి అందించడానికి జానీ కార్సన్ వస్తారని ప్రకటించి, ముందు ఇంకెవరినో పంపి ఆటపట్టించారు. తర్వాత నిజం కార్సన్ వచ్చారు. హాలు లేచి నిలబడింది. లెటర్‌మన్ పక్కకు తప్పుకుంటే కార్సన్ వెళ్లి ఆ బల్ల వెనక కుర్చీలో కూర్చున్నారు. చప్పట్లు ఆగడం లేదు. ఏదైనా అంటారేమోనని అందరూ చూస్తున్నారు. ఆయన జనాన్ని చూశారు, నవ్వారు, లేచి లెటర్‌మన్‌కు చేయి కలిపి వెళ్లిపోయారు. 2005 జనవరిలో చనిపోయే దాకా టీవీలో మళ్లీ కనబడలేదు. ఆ మధ్య కాలంలో ఇంట్లో కూర్చుని జోకులు రాసి లెటర్‌మన్‌కు పంపేవారట. ఆయన పోయాక చేసిన తొలి షోలో లెటర్‌మన్ ఎప్పటిలాగే మోనోలాగ్ చెప్పారు. జనం ఎప్పటిలాగే నవ్వారు. అన్నీ అయ్యాక, ఇవాళ చెప్పిన జోకులన్నీ జానీ రాసినవేనని చెప్పారు.