ఉత్తమ అత్తకి మా అత్తగారి ఓట్లు

వారం రోజులుగా మా అత్తగారు ఎన్నికల విధుల్లో ఉన్నారు. ఒక టీవీ ఛానెల్ ఏటా తన సీరియళ్ళకి తానే ఇచ్చుకునే అవార్డులకి ఈసారి కూడా ప్రేక్షక దేవుళ్ళ ఓట్లే ప్రామాణికమట. ఛానెల్ పేరు చెప్పను. చెప్పినా ఒరిగేదేం లేదు, ఈ నోము నోచని ఛానెల్ ఏదని!

యాప్ దింపుకోవాలి, ఫోన్ నంబరు ఇవ్వాలి, ఓటీపీ కొట్టాలి. ఆపైన ఒక్కో నంబరుకి రోజుకి పది ఓట్లు. ఇంట్లో నాలుగు ఫోన్లు ఆవిడ స్వాధీనంలోకి వెళ్ళిపోయాయి. ఐదోది నా జేబులో ఉంది కాబట్టి, నేను మీటింగులో ఉండగా ఫోన్ వస్తుంది. "అల్లుడుగారూ, ఓటీపీ వచ్చిందేమో కాస్త చూసి చెప్తారా?"

2024 మే 13న అసెంబ్లీ ఎన్నికలకి ఎండలో క్యూలో నించున్నదీ ఈవిడే. అక్కడ ఒక్క ఓటు వేయించుకుని, మళ్ళీ రాకుండా వేలికి సిరా పూసి పంపించారు. ఇక్కడేమో "రేపు కూడా మర్చిపోకండి" అని నోటిఫికేషన్ పంపుతున్నారు. దొంగ ఓటుకి ఇంత మర్యాద ఏ పార్టీ వాళ్ళూ చెయ్యలేదు.

ఆ మాటకొస్తే ఆస్కార్ వాళ్ళకీ 2022లో ఈ జబ్బు తగులుకుంది. అభిమానుల ఓటన్నారు, ట్విటర్లో రోజుకి 20 సార్లు వెయ్యొచ్చన్నారు. జాంబీల సినిమా గెలిచింది. మరుసటేడు ఆ ముచ్చట కనబడలేదు. 'నాటు నాటు'కి ఆస్కార్ మా అత్తగారి ఓటీపీ అవసరం లేకుండానే వచ్చింది.

మనవాళ్ళు మాత్రం మానరు. ఆరు సీరియళ్ళుంటే ఆరుగురు కోడళ్ళు. ఒకరు ఉత్తమ కోడలు, ఒకరు మెచ్చిన కోడలు, ఒకరు మనసు దోచిన కోడలు, మిగిలినవాళ్ళకి 'ప్రత్యేక' ఏదో ఒకటి. పేరంటానికి పిలిచాక ఎవరినైనా తాంబూలం ఇవ్వకుండా పంపిస్తామా? అలాంటప్పుడు మా ఇంట్లో ఈ ఓట్లన్నీ ఎందుకు వేయించుకున్నట్టో!

పోయినేడాది 'ఉత్తమ అత్త' ప్రకటన చూసి తీరాల్సిందే. కవరు చింపారు. ఉరుము. నామినేషన్లలో ఉన్న నలుగురు అత్తల మొహాలు, ఒక్కో మొహం మూడేసి సార్లు. మళ్ళీ ఉరుము. యాంకరు కాగితం చదివి నోటి మీద చెయ్యేసుకున్నాడు. వాషింగ్ పౌడర్ ప్రకటన. తిరిగొచ్చాక కవరు మళ్ళీ మొదటినుంచి చింపారు. పక్క సీరియల్ కోడలు కళ్ళు తుడుచుకుంది, ఎందుకో తెలీదు. మా అత్తగారు సోఫా అంచుకి వచ్చేశారు. అప్పుడు తెర మీద పడింది: 'మిగతా భాగం వచ్చే ఆదివారం'.

ఆ వచ్చే ఆదివారమే ఉత్తమ కోడలు మైకు పట్టుకుని మాట్లాడింది. మా అత్తగారు చెవి ఒగ్గి విని, "పాపం, గొంతు పట్టేసినట్టుంది, జలుబు చేసిందేమో" అన్నారు.

జలుబు కాదండీ. అది ఆ అమ్మాయి సొంత గొంతు. బెంగళూరు నుంచి వచ్చి, రాని భాషలో డైలాగులకి పెదవులు కలుపుతూ కష్టపడుతోంది, ఆమెని అనడానికేం లేదు. కానీ రోజూ రాత్రి ఏడున్నరకి మన ఇళ్ళలో ఏడ్చే గొంతు వేరే మనిషిది. హైదరాబాద్‌లో ఏదో స్టూడియోలో, ఏసీ గదిలో హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఎపిసోడ్ తర్వాత ఎపిసోడ్ గుక్కపట్టి ఏడ్చే మనిషిది. సినిమా నందుల్లో డబ్బింగ్ కళాకారులకి ఒక విభాగమైనా ఉండేది. ఈ ఛానెల్ వాళ్ళకి ఉత్తమ తోడికోడలు గుర్తుంది, ఉత్తమ జంట గుర్తుంది, ఉత్తమ సోషల్ మీడియా జంట కూడా గుర్తుంది. గొంతు గుర్తులేదు! టైటిల్స్‌లో ఆ పేరు పడితే కంటికి ఆనకముందే పరిగెత్తిస్తారు. సిగ్గనేది ఉంటే, ఎవరి గొంతు అమ్ముకుని ఇన్నాళ్ళు రేటింగులు తెచ్చుకున్నారో ఆ మనిషిని ఒక్కసారైనా వేదిక ఎక్కించేవాళ్ళు.

నిన్న ఇదంతా మా అత్తగారికి చెప్పాను. ఆవిడ సీరియల్ చూసేది తక్కువ, వినేది ఎక్కువ. వంటింట్లో చిక్కుళ్ళు ఒలుస్తూ చెవి హాల్లో పారేస్తారు. చేతిలో ఉన్న ఫోన్ పక్కన పెట్టి కాసేపు ఊరుకున్నారు.

"అయితే నేను వేసిన ఓట్లన్నీ ఆ గొంతుకేనండీ" అన్నారు. "ఆ పిల్లకి ఎక్కడ నొక్కాలి?"