మెక్సికో విప్లవ స్మారకం గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ విప్లవ స్మారకం గారికి,

మెక్సికో సిటీలో మీరు నిలబడ్డ తీరు చూసి ముచ్చటేసి రాస్తున్నాను. 1910లో అప్పటి నియంత పోర్ఫిరియో దియాస్ తన పార్లమెంటు భవనమని మీకు శంకుస్థాపన చేశాడు. ఏడాది తిరక్కముందే తిరుగుబాటు దెబ్బకు గద్దె దిగి దేశం వదిలిపోయాడు. మీ ఇనుప చట్రం ఏళ్ల తరబడి వానకు తడిసింది. చివరికి 1930లలో దానికి రాయి తొడిగి విప్లవం పేరు పెట్టారు. నియంత మొదలుపెట్టిన కొంప, అతణ్ని దింపినవాళ్లకు సమాధి! పొదుపంటే ఇదీ.

మీ అసలు ప్రతిభ అతిథి మర్యాదలో ఉంది. అధ్యక్షుడు కర్రాన్సా మీద 1920లో తిరగబడ్డవాళ్లలో సేనాని కాయెస్ ఒకడు. పారిపోతూ కర్రాన్సా హతమయ్యాడు. ఆ కాయెస్‌ను 1936లో అప్పటి అధ్యక్షుడు కార్దెనాస్ విమానమెక్కించి దేశం దాటించాడు. ముగ్గురూ ఇప్పుడు మీ స్తంభాల్లో హాయిగా ఉన్నారు. కర్రాన్సాకు బద్ధశత్రువైన విప్లవ సేనాని పాంచో విల్లానూ 1976లో తెచ్చి పెట్టారు. అభ్యంతరం చెబుదామన్నా పాపం తల లేదు, 1926లోనే ఎవరో సమాధి తవ్వి పట్టుకుపోయారు. రైతుల నాయకుడు జపాటా మాత్రం మీకు దక్కలేదు. 1919లో కర్రాన్సా సైన్యమే అతన్ని నమ్మించి చంపింది మరి. ఇప్పటికీ కువౌత్లా పట్టణంలోనే ఉన్నాడు.

'విప్లవ కుటుంబం' అని మీరు ఒక్క గ్రూప్ ఫొటోలో తేల్చేశారు. చిక్కంతా చరిత్రకారులకు వచ్చింది. పాత లెకుంబెర్రీ జైలును 1980లలో జాతీయ అభిలేఖాగారంగా మార్చారు. దాన్లో కూర్చుని, పల్లెటూళ్లవాళ్లు అధ్యక్షులకు పెట్టుకున్న అర్జీలు, టెలిగ్రాములు తిరగేస్తున్నారు. ఒక ఊరికి విప్లవమంటే కార్దెనాస్ హయాంలో చేతికందిన భూమి. ఇంకో ఊరికి, 1926లో చర్చి కోసం తుపాకీ పట్టి ఎదిరించాల్సి వచ్చిన సర్కారు. ఒకే విప్లవమా, ఊరికొకటా?

లెక్కలైనా కుదురుతాయా అంటే అదీ లేదు. జనాభా 1910లో సుమారు 1 కోటి 51 లక్షలు, 1921లో 1 కోటి 43 లక్షలు. తగ్గినవాళ్లలో యుద్ధానికి ఎందరు, 1918 ఫ్లూకి ఎందరు, అమెరికా సరిహద్దు దాటినవాళ్లు ఎందరు, అసలు లెక్కలోకే రానివాళ్లు ఎందరు? దీనిమీద ఇంకా కొట్టుకుంటున్నారు. మీ దగ్గర మాత్రం, దియాస్‌ను దింపిన మదేరోతో కలిపి, ఐదుగురే, అందరూ నాయకులే.

ఒక్క సాయం చేయండి. విప్లవం 1917 రాజ్యాంగంతో ముగిసిందా, 1920లోనా, 1940లోనా? మీ నీడన పెరిగిన పాలక పార్టీ పీఆర్ఐ 2000లో ఓడిపోయేదాకా అది నడుస్తూనే ఉందనేది. మీరే ఒక తేదీ ఖరారు చేసి చెబితే, థీసిస్ గడువు టెన్షన్‌లో ఉన్న పిల్లలు శీర్షికలో ఆ రెండో సంవత్సరం వేసుకుంటారు.

ఇట్లు,
మీ భవదీయుడు